పాద్రీ సాబ్ పోసిన నీళ్లు

సైన్యం నుంచి రిటైరై అమీర్‌పేటలో కాపురం పెట్టిన మొదటి వారంలోనే పాద్రీ కృపాదానం తన భార్య రత్నమాలకు ఒక నిర్ణయం వినిపించాడు. ఇకమీదట తాను బాప్టిస్టుగా మాత్రమే బతకదలచుకున్నాడట. ఆమె అప్పుడు పప్పు కడుగుతోంది. మరి ఇన్నేళ్లూ ఏమిగా బతికావని అడిగింది. ఆటపట్టించడానికే అడిగింది గానీ, ఆయన నిజంగానే కుర్చీలో వెనక్కి వాలి ఆలోచనలో పడ్డాడు.

ఆయన పుట్టింది నల్లగొండ దగ్గర ఒక బాప్టిస్టు ఇంట్లో. ఆ ఇంట్లో బాప్తిస్మమంటే ఆషామాషీగా జరిగేది కాదు. మనిషి ఎదగాలి, తన పాపం తాను తెలుసుకోవాలి, నమ్మానని నలుగురిలో నోరు తెరిచి చెప్పాలి. ఆ తర్వాతే నీళ్లలో నిలువునా మునగాలి. కృపాదానం మీసాలు మొలిచే వయసులో సాగర్ కాలువలో అలాగే మునిగాడు. ముక్కులోకి నీళ్లుపోయి మంటెత్తాలి, ఆ మంట జీవితాంతం గుర్తుండాలి, గుర్తులేనిది బాప్తిస్మమే కాదని వాళ్ల నాన్న అనేవాడు. పసిపిల్లల నెత్తిన నాలుగు చుక్కలు పోయడం ఆ పెద్దాయన దృష్టిలో ముఖం కడగడం కిందే లెక్క.

అలాంటి తండ్రి కొడుకు పాస్టరై, సైన్యంలో ధర్మగురువు కొలువులో చేరాడు. పటాలంలో పండిట్‌జీ, గ్రంథీజీ, మౌల్వీ సాబ్ ఉన్నట్టే క్రైస్తవ జవాన్లకు పాద్రీ సాబ్. చేరిన మొదటి ఆదివారం ప్రార్థనకు వచ్చినవాళ్లను చూసి ఆయనకు గుండె జారినంత పనయింది. ముందు వరసలో కేరళ సిరియన్ క్రైస్తవులు, వెనక గోవా కతోలికులు, పక్కన మిజో ప్రెస్బిటేరియన్లు, గోడవారగా తమిళ పెంతెకొస్తు కుర్రాళ్లు. బాప్టిస్టులు ఇద్దరే ఉన్నారు. ఆ ఇద్దరూ నాగాలు, వాళ్లకు తెలుగు రాదు, ఈయనకు వాళ్ల భాష రాదు. కాగితాల మీద మతం గడిలో క్రైస్తవుడని ఉంటే చాలు, సైన్యం దృష్టిలో వాడు కృపాదానం మనిషే. లోపలి తేడాలు పాద్రీ సాబే చూసుకోవాలి.

ఆయన చూసుకున్నాడు. తన విశ్వాసం ఒప్పుకున్నంతవరకూ తానే చేసేవాడు. ఒప్పుకోని చోట, ఆ పని చేయగల మనిషిని వెతికి తెచ్చేవాడు. కతోలికులు తమ పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం వినాలన్నా, దివ్యబలిపూజ చేయాలన్నా వాళ్ల ఫాదరే కావాలి. అందుకని పండగలకు ముందు ట్రక్కు వేసుకుని కొండలు దిగివెళ్లి, దగ్గరి పట్నం నుంచి ఫాదర్‌ను ఎక్కించుకొచ్చేవాడు. పెంతెకొస్తు కుర్రాళ్లు గొంతెత్తి ప్రార్థన చేస్తే కాపలావాళ్లు ఉలిక్కిపడుతున్నారని గోల వస్తే, వాళ్లకు బండ్ల షెడ్డు వెనక ఒక సామాను గది ఇప్పించాడు. విభూది బుధవారం బాప్టిస్టులకు లేదు. అయినా ఆ రోజు ఎప్పుడొస్తుందో కతోలికుల కంటే ముందు ఆయనకే గుర్తుండేది.

ఇదంతా తలచుకున్నాక, ఇన్నేళ్లూ అందరి బాపతూ బతికానని, ఇక ఓపిక లేదని భార్యకు జవాబు చెప్పాడు. అప్పటికి పప్పు ఉడికిపోయింది.

వాళ్లు దిగిన ఇల్లు రాఘవయ్య గారిది. ఆయనది భీమవరం వైపు. కింది అంతస్తు కంప్యూటర్ కోచింగ్‌కు ఇచ్చి, పైన ఉంటూ, ఆ పైన రెండు గదులు వీళ్లకు ఇచ్చాడు. అవి అమీర్‌పేటలో గోడ కనిపించకుండా జావా, ఒరాకిల్ బోర్డులు కట్టే రోజులు. మెట్ల మీద ఎప్పుడు చూసినా ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల కుర్రాళ్లు ఫైళ్లు పట్టుకుని కూర్చుని ఉండేవారు. పొద్దున్నే మెరిసే బూట్లతో, కవాతులో ఉన్నట్టు చేతులూపుకుంటూ దిగే ఈ పెద్దమనిషికి వాళ్లు వారంలో పాద్రీ అంకుల్ అని పేరు పెట్టారు. రెండో వారంలో ఇంటర్వ్యూకు వెళ్లేముందు ప్రార్థన చేయించుకోవడం మొదలుపెట్టారు. వాళ్లలో క్రైస్తవులు ఎందరని రత్నమాల అడిగితే, అడగలేదని ఆయన నసిగాడు. బాప్టిస్టులు మాత్రం కారులే అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఇన్నారెడ్డి మళ్లీ కనబడింది ఆ రోజుల్లోనే. అతను గుంటూరు వైపు కతోలికుల బిడ్డ. సైన్యంలో డ్రైవరుగా చేరి హవల్దారుగా దిగాడు. మంచులో ఫాదర్ల కోసం పాద్రీ సాబ్‌ను కొండలు దింపి ఎక్కించిన ట్రక్కు చాలాసార్లు అతనిదే. ఇప్పుడు పంజగుట్టలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు సెక్యూరిటీ సూపర్‌వైజరు. ఆ ఆఫీసు ముందు అతను విజిల్ ఊదితే గేటు దగ్గరి కార్లే కాదు, రోడ్డు మీద వెళ్లే ఆటోలు కూడా ఒక క్షణం ఆగేవి. అతని భార్య బతికి లేదు. కూతురు లూర్దురాణి అదే వీధిలో ఇంకో కంపెనీలో ప్రోగ్రాములు పరీక్షించే ఉద్యోగం చేస్తోంది. ఆమె కడుపుతో ఉందని, తాను తాత కాబోతున్నానని చెబుతూ రోడ్డు మీదే పాద్రీ సాబ్‌కు సెల్యూట్ కొట్టాడు.

ఈస్టర్ వెళ్లాక మనవడు పుట్టాడు. పిల్లాడికి నెల నిండకముందే ఇన్నారెడ్డి ఒక సాయంత్రం మిఠాయి డబ్బాతో వచ్చి, రత్నమాల ఇచ్చిన టీ తాగి, బూట్లు దగ్గరకు చేర్చి కూర్చుని విషయం బయటపెట్టాడు.

"ఫౌజులో మీరు మా అందరికీ పాద్రీ సాబ్. రిటైరైతే కాకుండా పోతారా? మా మనవడికి జ్ఞానస్నానం మీరే ఇవ్వండి."

కృపాదానం టీ కప్పు కింద పెట్టాడు. "ఇన్నారెడ్డీ, నేను బాప్టిస్టును. పసిపిల్లలకు బాప్తిస్మం ఇయ్యను. గది నీకు ఎరుకే గదా."

"ఎరుకే. ఆ కొండల్లో మీరు మాకు జపమాల కూడా చెప్పించారు. అదీ మీది కాదుగా."

"నేను చెప్పియ్యలె. మీరు చెప్తుంటే పక్కన కూసున్న."

"కూర్చుని, మేం మధ్యలో మర్చిపోతే అందించారు సాబ్."

లోపల గిన్నెలు సర్దుతున్న రత్నమాలకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు వినపడనట్టు కృపాదానం గొంతు సవరించుకుని, మీ గుడి ఉంది, మీ ఫాదర్ ఉన్నాడు, ఇందులో నా అవసరమేమిటని అడిగాడు. అప్పుడు అసలు కథ బయటికొచ్చింది. ఈస్టర్ రోజు ఇన్నారెడ్డి తనంతట తాను గుడి ముందు బండ్లు సర్దే పని నెత్తినేసుకున్నాడు. బాగానే సర్దాడు. కానీ లోపల పూజలో ఫాదర్ అప్పం పైకెత్తి గుడంతా నిశ్శబ్దంగా మోకరించిన క్షణంలో, బయట ఒక మారుతీ వ్యాను అడ్డంగా వచ్చింది. ఇన్నారెడ్డి విజిల్ ఊదాడు. ఒకటి కాదు, వ్యాను వెనక్కి వెళ్లేదాకా ఊదుతూనే ఉన్నాడు. పూజయ్యాక ఫాదర్ బాలశౌరి నలుగురి ముందే, ఇకమీదట ఆ విజిల్ ఇంట్లో పెట్టి రమ్మన్నాడు. మంచు కనుమల్లో కాన్వాయ్‌లు నడిపించిన మనిషిని అంతమాట అంటారా అని ఇన్నారెడ్డి అప్పుడే ఒట్టుపెట్టుకున్నాడు. ఫాదర్ తనంతట తాను వచ్చి పిలిస్తే తప్ప ఆ గడప తొక్కడు.

కృపాదానానికి పాత ఉద్యోగం గుర్తొచ్చింది. తాను చేయలేనప్పుడు చేసేవాణ్ణి తేవడం ఆయనకు చేతనైన పని. మర్నాడే చేతక్ స్కూటర్ తీసి ఫాదర్ బాలశౌరి దగ్గరికి వెళ్లాడు. ఫాదర్ వయసులో చిన్నవాడు, నెమ్మదస్తుడు. పాస్టర్ గారూ అంటూ కుర్చీ వేసి కూర్చోబెట్టి, తన మనసులో ఏమీ లేదని, తాతగారు ఏ ఆదివారం వచ్చినా సంతోషంగా జ్ఞానస్నానం ఇస్తానని చెప్పాడు. విజిల్ సంగతి మాత్రం మారదన్నాడు. కృపాదానం ఆ మాట పంజగుట్టకు మోశాడు. ఫాదరే వచ్చి ఆ మాట చెప్పాలని ఇన్నారెడ్డి అన్నాడు. ఆ మాటను మళ్లీ ఫాదర్ దగ్గరికి మోశాడు. వస్తానుగానీ గుడిలో ఈ వేసవి పెళ్లిళ్లు అయ్యాక వస్తానని ఫాదర్ అన్నాడు. ఇలా ఎర్రటి ఎండలో మే నెలంతా ఆయన స్కూటరు ఇద్దరు కతోలికుల మధ్య తిరిగింది. బాప్టిస్టుగా బతకడమంటే పెట్రోలు ఇంత ఖర్చవుతుందనుకోలేదని రత్నమాల అన్నది. ఆయన హెల్మెట్ తుడుచుకున్నాడు.

ఇంతలో పిల్లాడు పాలు కక్కడం మొదలుపెట్టాడు. మొదట అందరు పిల్లలూ కక్కేదే అనుకున్నారు. తర్వాత తాగినవన్నీ గోడకు కొట్టినట్టు చిమ్ముకుంటూ వచ్చేవి. పిల్లాడు చిక్కిపోయాడు. పంజగుట్టలో ఒక పిల్లల ఆసుపత్రిలో చూపిస్తే, పొట్ట కింద పేగులోకి వెళ్లే దారి బిగుసుకుపోయిందని, చిన్న ఆపరేషన్ చేసి దాన్ని వదులు చేయాలని డాక్టరమ్మ చెప్పింది. ఇలాంటివి తాము తరచూ చేస్తామని, భయం లేదని కూడా చెప్పింది. ఇన్నారెడ్డికి ఆపరేషన్ అన్న మాట తర్వాత ఇంకేమీ వినపడలేదు.

అతను రాఘవయ్య గారింటికి ఫోన్ చేసినప్పుడు కృపాదానం స్నానం చేస్తున్నాడు. రాఘవయ్య గారే మెట్లెక్కి వచ్చి కబురు చెప్పాడు. తడి జుట్టుతో చొక్కా తొడుక్కుంటూనే పాద్రీ ముందు చేయాల్సింది చేశాడు. కింద రాఘవయ్య గారి ఫోన్ నుంచే ఫాదర్‌కు ఫోన్ చేసి, పసివాణ్ణి ఆపరేషన్‌కు తీసుకెళ్తున్నారని, ఒట్లూ పట్టింపులూ పక్కనపెట్టి రావాలని చెప్పాడు. ఫాదర్ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా బయలుదేరుతున్నానన్నాడు. పాద్రీకి సగం బరువు దిగింది.

ఆసుపత్రిలో పై అంతస్తు గదిలో లూర్దురాణి పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అల్లుడు కంపెనీ పని మీద బెంగుళూరు వెళ్లి, కబురు విని బస్సెక్కాడు, ఇంకా దారిలో ఉన్నాడు. పిల్లాడి చేతికి సెలైన్ సూది, దాన్ని కదలకుండా చిన్న అట్టముక్కకు కట్టిన కట్టు. ఇన్నారెడ్డి కిటికీ దగ్గర నిలబడ్డాడు. నోరు తెరిస్తే ఆపనివాడు ఆ రోజు నోరు తెరవలేదు. అది చూసి కృపాదానానికి మొదటిసారి భయమేసింది.

ఫాదర్ వస్తున్నాడని చెప్పి వాళ్లకు ధైర్యం చెప్పాడు. అందరూ కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు. పంజగుట్ట చౌరస్తా దగ్గర బండ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. అమీర్‌పేట వైపు నుంచి వచ్చే వరస అసలు కదలడంలేదు. నర్సు వచ్చి థియేటర్ సిద్ధమైందంది. పాద్రీ బయటికి వెళ్లి డాక్టరమ్మను బతిమాలాడు. ఆమె గడియారం చూసుకుని, తర్వాతి పిల్లాడు కూడా ఎదురుచూస్తున్నాడని, కొద్దిసేపు మాత్రం ఆగగలనని చెప్పింది. ఆ కొద్దిసేపూ అయిపోయింది. ఫాదర్ రాలేదు.

ఇన్నారెడ్డి కిటికీ వదిలి వచ్చి పాద్రీ ముందు నిలబడ్డాడు. అడగలేదు. లూర్దురాణే అడిగింది.

"అంకుల్, నాన్న కోసం అనుకోకండి. ఇది నేను అడుగుతున్నా. ఏమీ కాదని డాక్టరమ్మ చెప్పింది, నాకూ తెలుసు. కానీ ఇలాగే తలుపు లోపలికి పంపలేను."

కృపాదానానికి ఆ కొండల్లోని ముసలి ఫాదర్ గుర్తొచ్చాడు. ఒక క్రిస్మస్‌కు మంచులో దారి మూసుకుపోయి ఇద్దరూ ఒకే గుడారంలో చిక్కుకుపోయినప్పుడు ఆయన చెప్పాడు. ప్రాణం మీదికొస్తే, తాము సమయానికి అందకపోతే, జ్ఞానస్నానం ఎవరైనా ఇవ్వవచ్చునట. ఫాదరే కానక్కర్లేదు, కతోలికుడే కానక్కర్లేదు. నీళ్లు తల మీద పారాలి, మాటలు సరిగ్గా పలకాలి, ఆ సంఘం ఏమని ఇస్తుందో అదే ఇవ్వాలని మనసులో ఉండాలి. అప్పుడు కృపాదానం మర్యాదగా తల ఊపి, ఆ అవసరం తనకు రాకూడదని లోలోపల ప్రార్థించుకున్నాడు. సైన్యంలో ఉన్నన్నాళ్లూ ఆ ప్రార్థన ఫలించింది. బాంబులు పడ్డచోట రాని అవసరం పంజగుట్టలో ట్రాఫిక్ ఆగిపోతే వచ్చింది.

ఇంకొకటి కూడా ఆయనకు తెలుసు. ఇది ప్రాణం మీదికొచ్చిన సంగతి కాదు. డాక్టరమ్మ నమ్మకంగానే ఉంది. కతోలికుల పుస్తకం ప్రకారం ఆయన కాదనవచ్చు. తనవాళ్ల పుస్తకం ప్రకారమైతే కాదని తీరాలి. తలుపు దగ్గర నర్సు నిలబడి ఉంది. లూర్దురాణి పిల్లాణ్ణి ఆమె చేతికివ్వకుండా రెండు చేతులా పొదువుకుని కూర్చుంది. కృపాదానం చొక్కా చేతులు మడిచాడు.

"నీళ్లు తే, బిడ్డా. పిలగాని పేరేంది?"

ఇక్కడ ఒక చిక్కొచ్చింది. తాతకు తన తండ్రి పేరు రాయప్ప అని పెట్టాలని ఉంది. తల్లికి రోహన్ అని ఉంది. ఇద్దరూ నెల రోజులుగా ఆ పోరులోనే ఉన్నారు. ఇద్దరూ ఒకేసారి రెండు పేర్లు చెప్పి, ఒకరినొకరు చూసుకున్నారు. నర్సు మళ్లీ గడియారం చూసింది. పాద్రీ ఇద్దరి మధ్యా తీర్పు చెప్పే ఓపిక లేక రెండూ కలిపేశాడు. స్టీలు గ్లాసులో నీళ్లు తీసుకుని, కింద ఒక ట్రే పట్టమన్నాడు. చేతి కట్టు తడవకుండా చూడమని నర్సు హెచ్చరించింది.

"మా మాటల్తోనే చెప్పండి సాబ్," అన్నాడు ఇన్నారెడ్డి. ఆ హడావుడిలోనూ అది మాత్రం మరవలేదు.

"ఎరుకే తియ్యి. జర ఊకో."

పిల్లాడి తల ఆయన ఎడమ అరచేతిలో ఇమిడిపోయింది. అంత చిన్నది. "రాయప్ప రోహన్, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానమిస్తున్నాను," అంటూ ఒక్కొక్క నామానికి కొన్ని నీళ్లు పోశాడు. నీళ్లు పిల్లాడి చెవి పక్కనుంచి జారి ట్రేలో పడ్డాయి. చల్లదనానికి పిల్లాడు కళ్లు విప్పి, పెదవి విరిచి, ఉన్న బలమంతా కూడదీసుకుని ఏడ్చాడు. ఆ తర్వాత పాద్రీ కళ్లు మూసుకుని తన మాటల్లో, తన యాసలో, ఈ బిడ్డను సల్లగ సూడు ప్రభువా అని ప్రార్థన చేశాడు. అది ఏ సంఘం ప్రార్థనో అడిగేవాళ్లు ఆ గదిలో లేరు. నర్సు పిల్లాణ్ణి తీసుకుని వెళ్లిపోయింది.

ఫాదర్ బాలశౌరి వచ్చేసరికి థియేటర్ మీది ఎర్ర దీపం వెలుగుతోంది. తెల్లని అంగీ చెమటకు తడిసి వీపుకు అతుక్కుపోయింది, మొహం కందిపోయింది. స్కూటరు అమీర్‌పేటలో ఒక షాపు ముందు వదిలేసి, ఆ ఎండలో నడిచి, నడక చాలక పరిగెత్తి వచ్చాడు. విషయం విని గోడకు ఆనుకుని కాస్త ఊపిరి తీసుకున్నాడు. తర్వాత పాద్రీని పక్కకు పిలిచి నెమ్మదిగా అడిగాడు.

"పాస్టర్ గారూ, ఏమీ అనుకోకండి, అడగక తప్పదు. నీళ్లు తల మీద పారాయా, ఊరికే తడిపారా?"

"పారినయ్."

"మాటలు?"

"మీ మాటలే."

"మనసులో ఏమనుకుని పోశారు?"

కృపాదానం మడిచిన చొక్కా చేతులు దించుకున్నాడు. "మీ సంఘం ఏమని ఇస్తదో గదే ఇయ్యాలని పోసిన, ఫాదర్ గారూ. నా సంగతి నేనూ నా దేవుడూ చూసుకుంటం."

అయితే పిల్లాడికి జ్ఞానస్నానం అయిపోయిందని, మళ్లీ ఇవ్వడానికి వీల్లేదని, మిగిలిన తంతు మాత్రం బిడ్డ కోలుకున్నాక గుడిలో పూర్తి చేస్తానని ఫాదర్ చెప్పాడు. ఇది విన్న ఇన్నారెడ్డి దగ్గరికొచ్చాడు. ఫాదర్ చెమటను, దుమ్ము కొట్టుకుపోయిన చెప్పులను పైకీ కిందికీ చూశాడు. ఇంత ఎండలో నడిచి వచ్చారా అన్నాడు. తర్వాత, అమీర్‌పేట చౌరస్తాలో తాను నిలబడి ఉంటే స్కూటరు మీదే సమయానికి వచ్చి ఉండేవారని కూడా అన్నాడు. ఫాదర్ నుదురు తుడుచుకుంటూ, అది నిజమేనని ఒప్పుకున్నాడు. వచ్చే పండక్కి విజిల్ తెచ్చుకోమన్నాడు. అప్పం ఎత్తినప్పుడు మాత్రం నోట్లోంచి తీసేస్తే చాలన్నాడు. ఇద్దరూ పక్కపక్కనే బల్ల మీద కూర్చుని ఎర్ర దీపం వైపు చూడసాగారు. దీపం ఆరి, డాక్టరమ్మ ముఖానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాక్కుని నవ్వేదాకా అలాగే కూర్చున్నారు. సాయంత్రానికి పిల్లాడు రెండు చెంచాల పాలు తాగి, కక్కకుండా నిలుపుకున్నాడు.

ఇంటికొచ్చాక కృపాదానం అన్నం కలిపి కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు. రత్నమాల జరిగిందంతా అడిగి తెలుసుకుంది. బిడ్డ బాగున్నందుకు సంతోషించింది. అయినా ఈయన మొహం ఇంకా అలాగే ఉండటం చూసి కారణం అడిగింది. తన లెక్కలో అది బాప్తిస్మం కాదని, కాదనుకుంటూనే నోటితో ఇస్తున్నానని చెప్పానని, అది అబద్ధమవుతుందేమోనని ఆయన బాధపడ్డాడు.

"నీళ్లు పోసేటప్పుడు మనసు ఏడున్నది?" అని అడిగింది రత్నమాల.

"ఆ పిలగాని మీదున్నది. ఇంకేడుంటది."

"గట్లైతే గదేం అబద్ధం? వాళ్ల బిడ్డకు వాళ్ల మాట మోసినవు. ముప్పొద్దులా మోస్తనే ఉన్నవు గద. కూర చల్లారుతున్నది, తిను."

ఆయన తిన్నాడు. కానీ ఆదివారం తన చర్చికి వెళ్లేసరికి కబురు ఆయనకంటే ముందే అక్కడికి చేరింది. సంఘ పెద్ద దేవదానం రైల్వేలో గార్డుగా చేసి దిగినవాడు. ఏ విషయమైనా జెండా ఊపందే కదలనివ్వడు. ఆరాధన అయ్యాక పాద్రీని వేపచెట్టు కిందికి తీసుకెళ్లి, పసిపిల్లాడికి నీళ్లు పోశాడన్నది నిజమేనా అని అడిగాడు. నిజమేనన్నాడు కృపాదానం. అయితే ఆ పిల్లాడు బాప్తిస్మం పొందినట్టేనా అని దేవదానం గట్టిగా నిలదీశాడు.

"పొందినట్టని వాళ్ల ఫాదర్ అంటుండు. నేను మన సంగతి చెప్త. ఆ పిలగాడు పెరిగి పెద్దగై, నమ్మి, తనంతట తాను నా దగ్గరికొచ్చి ముంచుమంటే, సంతోషంగ ముంచుత."

దేవదానం కొంత శాంతించాడు. కృపాదానం ఇంకొక మాట కలిపాడు. "అప్పటికి వాళ్ల తాత బతికుంటే మాత్రం ఆ పని నువ్వు చెయ్యాలె."

ఇన్నారెడ్డిని దేవదానం ఎరుగును. పంజగుట్ట రోడ్డు మీద ఒకసారి అతని విజిల్‌కు సైకిలు మీంచి పడబోయాడు కూడా. నవ్వు ఆపుకుంటూ, ఈ సంగతి స్త్రీల సమాజంలో ఎత్తవద్దని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు.

పిల్లాడి బుగ్గలు మళ్లీ నిండాక, వానలు మొదలైన ఒక ఆదివారం సాయంత్రం, కతోలికుల గుడిలో మిగిలిన తంతు జరిగింది. ఫాదర్ తైలం పూశాడు, తెల్లబట్ట కప్పాడు, వత్తి వెలిగించాడు. జ్ఞానతల్లిగా లూర్దురాణి పినతల్లి నిలబడింది. పక్కన సాక్షిగా పాద్రీ నిలబడవచ్చని ఫాదరే చెప్పాడు. ఎప్పుడు లేవాలో ఎప్పుడు మోకరించాలో తెలియక గుడి అలవాటు లేని అల్లుడు దిక్కులు చూస్తుంటే, కృపాదానం మోచేత్తో అతన్ని తట్టి లేపుతూ, కూర్చోబెడుతూ ఉన్నాడు. చివరి బెంచీలో కూర్చున్న రత్నమాల అది చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భోజనాల దగ్గర ఇన్నారెడ్డి తన ఆఫీసు కాపలా కుర్రాళ్లను ఇద్దరిని పట్టుకొచ్చాడు. ఒకడు మిజోరం నుంచి వచ్చినవాడు, ఇంకొకడు ఖమ్మం దగ్గరి పెంతెకొస్తు పిల్లవాడు. ఆదివారం పొద్దున ఎప్పుడూ డ్యూటీయేనట. ఏ చర్చికీ వెళ్లే వీలు లేక నెలలైందట. పాద్రీ సాబ్ సాయంత్రం పూట ఎక్కడైనా కాస్త ప్రార్థన పెడితే వస్తామని, ఇంకో నలుగురైదుగురు కూడా ఉన్నారని ఖమ్మం పిల్లవాడు చెప్పాడు. మిజో కుర్రవాడికి తెలుగు అంతగా రాదు, ఆశగా చూస్తూ నిలబడ్డాడు.

కృపాదానం భార్య వైపు చూడకుండా, డ్యూటీ ఎన్నింటికి దిగుతారని వాళ్లను అడిగాడు. ఆరుకని చెప్పారు. రాఘవయ్య గారి డాబా ఖాళీగానే ఉంటుందని, ఆయన కాదనడని, పెంతెకొస్తు పిల్లలు గొంతు కొంచెం తగ్గిస్తే చాలని ఆయన అంటుండగా, రత్నమాల విస్తరిలోంచి తలెత్తింది. ఎందరొస్తారో ఇప్పుడే తేల్చి చెప్పమంది. టీకి పాలు శనివారమే చెప్పుకోవాలి.